నరములను కాపాడు సూదిమందు: బి-12 చరిత్ర

1926కు పూర్వము ‘ప్రాణాంతక రక్తహీనత’ అను వ్యాధి కలిగినవారు బ్రదుకుట అరుదు. రక్తము క్షీణించుటయే గాక, కాళ్లుచేతులు తిమ్మిరులెక్కి, నడక తడబడెడిది. ఆ సంవత్సరము అమెరికా వైద్యులు మైనాట్, మర్ఫీలు రోగులకు విరివిగా కాలేయము తినిపించి బ్రతికించిరి.

కాలేయములోని ఆ గుణమునకు మూలమేమి? ఈ అన్వేషణ సాగుచుండగా, భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందము అమెరికాలోని లెడర్లే పరిశోధనశాలలో 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసెను. దానితో రోగుల రక్తము మెరుగుపడెను. కాని నరముల జబ్బు ఆగలేదు; కొందరిలో ముదిరెను. రక్తము బాగుపడినంత మాత్రమున నరములు బాగుపడినట్లు కాదని వైద్యులు గ్రహించిరి.

1948లో అమెరికాలోను, ఇంగ్లండులోను వేర్వేరుగా విటమిను బి-12ను వేరుచేసిరి. ఈ ఎర్రని పదార్థము రక్తమునకు, నరములకు కూడ పనిచేసెను. ప్రేగులు దీనిని గ్రహించుటకు జీర్ణకోశమున ఊరు ఒక ప్రోటీను కావలెను. ఈ రోగులలో అది కొరవడును. అందుచేతనే దీనిని కండరములోనికి సూదితో ఎక్కింతురు.

అయితే తిమ్మిరులన్నియు బి-12 లోపమువలననే కలుగవు. మధుమేహమువంటి కారణములును కలవు. బి-6ను అధికముగా, చిరకాలము వాడినచో నరములే చెడునని 1983లో వెల్లడియైనది. కావున లోపమేదో పరీక్షించి, వైద్యుడు నిర్ణయించిన మోతాదునే శుద్ధమైన సూదితో తీసికొనవలెను. ఆలస్యమును కూడదు, మిక్కిలి చెడిన నరములు పూర్తిగా కోలుకొనకపోవచ్చును.