తాత్కాలిక చట్టాలు, శాశ్వత నిబంధనలు: టాడా నుంచి ఉపా వరకు

1985 మే 10న ఢిల్లీలోనూ పొరుగు రాష్ట్రాలలోనూ బస్సులలో, రైళ్లలో, బహిరంగ స్థలాలలో వదిలివెళ్లిన ట్రాన్సిస్టర్ రేడియోలు పేలాయి. ఎవరో మరిచిపోయిన రేడియో అనుకుని చేతిలోకి తీసుకున్నవారు, వారి పక్కన ఉన్నవారు పదుల సంఖ్యలో చనిపోయారు. అంతకు ఆరు నెలల ముందే ప్రధాని ఇందిరాగాంధీ హత్య జరిగింది. పంజాబ్‌లో హత్యలు ఆగడం లేదు. ఈ పరిస్థితులలో కేంద్ర ప్రభుత్వం ఉగ్రవాద, విచ్ఛిన్నకర కార్యకలాపాల నిరోధక చట్టాన్ని తెచ్చింది. ఆంగ్లంలోని పేరులో మొదటి అక్షరాలను కలిపి దీనిని టాడా అంటారు. బాంబులు పేలిన రెండు వారాలకే, మే 24న, అది అమలులోకి వచ్చింది. ఆ చట్టం రెండేళ్లే ఉంటుందని చట్టంలోనే రాశారు.

రెండేళ్లకని తెచ్చిన ఆ చట్టం పదేళ్లు నడిచింది. దాని తరువాత వచ్చిన పోటాకు మూడేళ్ల గడువు పెట్టారు. ఇప్పుడు అమలులో ఉన్న ఉపాలోని ఉగ్రవాద నిబంధనలకు గడువే లేదు. ఉగ్రవాద వ్యతిరేక చట్టాల గురించి చర్చించేటప్పుడు చాలామంది వాటి కఠినత్వం గురించే మాట్లాడతారు. కానీ చరిత్ర విద్యార్థులు గడువు అనే అంశాన్ని కూడా జాగ్రత్తగా గమనించాలి. పౌరస్వేచ్ఛకు జరిగిన నష్టంలో ఎక్కువ భాగం ఆ గడువు మాయమైన తీరులోనే ఉందని నా అభిప్రాయం.

తాత్కాలికం అనే మాటకు పాత చరిత్ర

ఈ పద్ధతి స్వతంత్ర భారతదేశంలో పుట్టింది కాదు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో బ్రిటిష్ ప్రభుత్వం 1915లో భారత రక్షణ చట్టం చేసింది. యుద్ధం ముగిసింది కాబట్టి ఆ అధికారాలు కూడా ముగియాలి. కానీ వాటిని వదులుకోవడానికి ప్రభుత్వం ఇష్టపడలేదు. న్యాయమూర్తి సిడ్నీ రౌలట్ అధ్యక్షతన వేసిన సంఘం సిఫారసుల మేరకు 1919 మార్చిలో రౌలట్ చట్టం వచ్చింది. దానికి కూడా మూడేళ్ల గడువే. గాంధీజీ సత్యాగ్రహానికి పిలుపునివ్వడం, ఏప్రిల్ 6న దేశమంతటా హర్తాళ్లు, ఏప్రిల్ 13న జలియన్‌వాలాబాగ్ మారణకాండ మీరు ముందు పాఠాలలో చదివారు. ప్రజలు అంత తీవ్రంగా వ్యతిరేకించిన ఆ చట్టాన్ని ప్రభుత్వం 1922లో రద్దు చేసింది.

మూడు దశాబ్దాలు గడిచాక, రాజ్యాంగం అమలులోకి వచ్చి నెల తిరిగిందో లేదో, 1950 ఫిబ్రవరిలో నివారక నిర్బంధ చట్టం వచ్చింది. తెలంగాణ, మద్రాసు, పశ్చిమ బెంగాల్ ప్రాంతాలలోని కమ్యూనిస్టులే ప్రధానంగా దాని లక్ష్యం. బిల్లు ప్రవేశపెట్టే ముందు నిద్రలేని రాత్రులు గడిపానని సర్దార్ పటేల్ పార్లమెంటుకు చెప్పారు. ఆయన మాటను శంకించనక్కరలేదు. చట్టం గడువు 1951 ఏప్రిల్ 1 వరకు, అంటే ఏడాది పైచిలుకు. దానిని మళ్లీ మళ్లీ పొడిగిస్తూ 1969 చివరి వరకు నడిపించారు. పటేల్ 1950లోనే మరణించారు కనుక తాను ఏడాదికని తెచ్చిన చట్టం ఎంత కాలం సాగిందో ఆయన చూడలేదు.

ఇక్కడ ఒక తేడాను స్పష్టం చేయాలి. పరీక్ష పత్రాలు దిద్దిన రోజులలో విద్యార్థులు ఈ రెండింటినీ కలిపివేయడం తరచుగా చూశాను. నివారక నిర్బంధంలో వ్యక్తి మీద నేరారోపణ ఉండదు. ముందు ముందు ఏదో చేయవచ్చుననే అనుమానంతోనే లోపల పెడతారు. 1950 నాటి చట్టం, 1971లో వచ్చిన మీసా ఈ కోవకు చెందినవి. టాడా అలా కాదు. అందులో నేరారోపణ ఉంటుంది, అభియోగపత్రం ఉంటుంది, న్యాయస్థానంలో విచారణ ఉంటుంది. పైకి చూస్తే ఇది మెరుగైన పద్ధతి. అయితే విచారణకు సంబంధించిన సాధారణ నియమాలను మార్చివేసి, నేరం రుజువు కాకుండానే ఏళ్ల తరబడి జైలులో ఉంచగలిగే వీలు టాడా కల్పించింది.

టాడా ఏం మార్చింది?

సాధారణ నేర విచారణ స్మృతి ప్రకారం పోలీసులు అరవై లేదా తొంభై రోజులలో అభియోగపత్రం దాఖలు చేయాలి. చేయలేకపోతే నిందితుడికి బెయిలు హక్కుగా వస్తుంది. టాడా ఈ వ్యవధిని ఏడాదికి పెంచింది. 1993లో దానిని 180 రోజులకు తగ్గించినా, న్యాయస్థానం అనుమతితో ఏడాది వరకు పొడిగించుకునే వీలు ఉంచారు. ఇక బెయిలు విషయానికి వస్తే, నిందితుడు నేరం చేయలేదని నమ్మడానికి సహేతుకమైన కారణాలు ఉన్నాయని న్యాయమూర్తి తృప్తి చెందితేనే విడుదల చేయాలి. విచారణ మొదలే కాని దశలో, సాక్షులెవరో కూడా తెలియని నిందితుడు తన నిర్దోషిత్వాన్ని చూపించుకోవాలన్నమాట.

అన్నిటికంటే పెద్ద మార్పు నేరాంగీకార వాంగ్మూలం విషయంలో జరిగింది. పోలీసు అధికారి ముందు చేసిన నేరాంగీకారం సాక్ష్యంగా చెల్లదని 1872 నాటి సాక్ష్య చట్టమే చెప్పింది. ఆ చట్టం చేసింది వలస ప్రభుత్వం. పోలీసు ఠాణాలలో ఏం జరుగుతుందో ఆ ప్రభుత్వానికి బాగా తెలుసు కనుకనే ఆ నిబంధన పెట్టింది. టాడా పదిహేనవ సెక్షన్ దీనిని పక్కన పెట్టి, ఎస్పీ హోదాకు తగ్గని అధికారి నమోదు చేసిన వాంగ్మూలం సాక్ష్యంగా చెల్లుతుందని చెప్పింది.

దీని బలం ఎంతటిదో రాజీవ్‌గాంధీ హత్య కేసు చూపిస్తుంది. 1998 జనవరిలో పూందమల్లిలోని ప్రత్యేక న్యాయస్థానం నిందితులు ఇరవై ఆరుగురికీ మరణశిక్ష వేసింది. 1999 మేలో సుప్రీంకోర్టు పందొమ్మిది మందిని విడిచిపెట్టింది, నలుగురికి మరణశిక్షను ఖరారు చేసింది, ముగ్గురికి యావజ్జీవ శిక్ష వేసింది. అసలు ఈ కేసులో టాడా కింద ఉగ్రవాద నేరం రుజువు కాలేదని కోర్టు తేల్చింది. అయినప్పటికీ టాడా కింద పోలీసు అధికారి నమోదు చేసిన వాంగ్మూలాలను హత్యానేరానికి సాక్ష్యంగా స్వీకరించింది. అంటే చట్టం వర్తించదని తేలిన తరువాత కూడా ఆ చట్టం ఇచ్చిన ఆయుధం పనిచేసింది.

1994 మార్చిలో కర్తార్‌సింగ్ కేసులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం టాడాను చాలావరకు సమర్థించింది. నేరాంగీకార నిబంధన మీద మాత్రం ధర్మాసనం మూడు, రెండుగా చీలిపోయింది. ఆ నిబంధన రాజ్యాంగ విరుద్ధమన్న ఇద్దరిలో జస్టిస్ కె. రామస్వామి ఒకరు. ఆయన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లిన న్యాయమూర్తి.

పంజాబ్ కోసం చేసిన చట్టం పంజాబ్‌లో ఆగలేదు. ఉగ్రవాద సమస్య అంతగా లేని గుజరాత్‌లో వేల మందిని దీని కింద అరెస్టు చేశారు. ఆంధ్రప్రదేశ్‌లో నక్సలైటు ఉద్యమాన్ని అణచడానికి దీనిని ప్రయోగించారు. కె.జి. కన్నబిరాన్, కె. బాలగోపాల్ వంటివారి నాయకత్వంలో పౌరహక్కుల సంఘం ఈ చట్టాన్ని నిరంతరం వ్యతిరేకించింది. దేశమంతటా 1994 మధ్య నాటికి టాడా కింద అరెస్టయినవారు 76 వేలకు పైనే. శిక్షలు పడినవారు అందులో అతి స్వల్పం.

న్యాయస్థానం సమర్థించిన ఈ చట్టం మరి ఎలా పోయింది? సమాధానం చట్టంలోనే ఉంది. గడువు తీరిన ప్రతిసారీ, అంటే 1987, 1989, 1991, 1993లలో, ప్రభుత్వం పార్లమెంటు ముందుకు వచ్చి ఇది ఇంకా ఎందుకు కావాలో చెప్పుకోవలసి వచ్చింది. 1995లో జాతీయ మానవహక్కుల సంఘం అధ్యక్షుడు జస్టిస్ రంగనాథ్ మిశ్రా పార్లమెంటు సభ్యులకు స్వయంగా లేఖ రాసి, చట్టాన్ని పొడిగించవద్దని కోరారు. వ్యతిరేకత పెరిగింది. పొడిగించే సాహసం ప్రభుత్వం చేయలేదు. 1995 మే 23తో టాడా ముగిసింది. దానిని ఎవరూ రద్దు చేయలేదు, ఏ కోర్టూ కొట్టివేయలేదు. గడువు తీరిపోయింది, అంతే. చట్టం పోయినా కేసులు పోలేదు. 1993 నాటి బొంబాయి పేలుళ్ల కేసులో టాడా కోర్టు తీర్పులు 2006, 2007లలో వచ్చాయి.

పోటా

ప్రపంచ వాణిజ్య కేంద్రంపై దాడి జరిగిన ఆరు వారాలకు, 2001 అక్టోబరులో, పోటా ఆర్డినెన్సు వచ్చింది. రాజ్యసభ బిల్లును తిరస్కరించడంతో 2002 మార్చి 26న ఉభయసభల సంయుక్త సమావేశం పెట్టి 425, 296 ఓట్ల తేడాతో గట్టెక్కించారు. పార్లమెంటు చరిత్రలో సంయుక్త సమావేశాలు చాలా అరుదు. ఆ ఏడాది జూలైలోనే తమిళనాడులో ఎండీఎంకే నాయకుడు వైగో, తిరుమంగళంలో చేసిన ప్రసంగానికి గాను పోటా కింద అరెస్టయ్యారు. ఆయన పార్టీ అప్పుడు కేంద్రంలోని పాలక కూటమిలో భాగస్వామి. పోటాను సమర్థించిన పక్షమే. ఆయన పందొమ్మిది నెలలు జైలులో గడిపారు.

అక్షరధామ్ ఆలయంపై దాడి కేసు ఇంతకంటే బాధాకరమైనది. పోటా కోర్టు విధించిన మరణశిక్షలను, ఇతర శిక్షలను హైకోర్టు కూడా సమర్థించింది. 2014 మే 16న సుప్రీంకోర్టు ఆరుగురినీ నిర్దోషులుగా విడుదల చేసింది. ఆ నేరాంగీకార వాంగ్మూలాలను నమ్మలేమని చెప్పింది. దాడి జరిగింది 2002లో. ఆలయంలో ముప్పై మందికి పైగా చనిపోయారు. వారి కుటుంబాలకు కూడా ఈ కేసులో న్యాయం దొరకలేదన్న సంగతి మరిచిపోకూడదు.

గడువు లేని చట్టం

2004 సెప్టెంబరు 21న కొత్త ప్రభుత్వం పోటాను రద్దు చేసింది. పత్రికలు దీనిని పౌరహక్కుల విజయంగా రాశాయి. అదే రోజున మరో ఆర్డినెన్సు కూడా వెలువడింది. అది 1967 నాటి చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టాన్ని, అంటే ఉపాను, సవరించింది. అప్పటివరకు ఉపా ప్రధానంగా సంస్థలను నిషేధించే చట్టం. ఈ సవరణతో పోటాలోని ఉగ్రవాద నేరాల అధ్యాయం అందులోకి వచ్చింది. నేరాంగీకార నిబంధనను వదిలివేశారు, దానికి ప్రభుత్వాన్ని మెచ్చుకోవాలి. కానీ గడువును కూడా వదిలివేశారు. ఉపా శాశ్వత చట్టం కదా, దానికి గడువు ఎక్కడిది?

2008 నవంబరులో ముంబైపై దాడి జరిగింది. డిసెంబరు 17, 18 తేదీలలో పార్లమెంటు ఉపాను మళ్లీ సవరించింది. 180 రోజుల నిర్బంధం, కఠినమైన బెయిలు షరతు తిరిగి వచ్చాయి. 43డి(5) అనే ఈ షరతు ప్రకారం, ఆరోపణ పైకి నిజమని నమ్మడానికి తగిన కారణాలు ఉన్నాయని కేసు డైరీని లేదా అభియోగపత్రాన్ని చూసి కోర్టు భావిస్తే బెయిలు ఇవ్వకూడదు. మాటలలో ఇది టాడా కంటే మెత్తగానే కనిపిస్తుంది. ఆచరణ వేరు. కేసు డైరీ రాసేది పోలీసులే, అభియోగపత్రం రాసేదీ వారే. బెయిలు దశలో సాక్ష్యాలను లోతుగా తూచకూడదని 2019లో వటాలీ కేసులో సుప్రీంకోర్టు చెప్పడంతో, పోలీసుల కథనాన్ని ప్రశ్నించే చోటు ఇంకా కుదించుకుపోయింది. 2021లో నజీబ్ కేసులో, విచారణ అతిగా ఆలస్యమైతే ఇరవై ఒకటవ అధికరణం కింద బెయిలు ఇవ్వవచ్చునని అదే కోర్టు చెప్పింది. అక్కడ నిందితుడు అప్పటికే అయిదేళ్లకు పైగా జైలులో ఉన్నాడు.

2016 నుంచి 2019 వరకు ఉపా కింద 5,922 మందిని అరెస్టు చేయగా 132 మందికి శిక్ష పడిందని హోంశాఖ సహాయమంత్రి జి. కిషన్‌రెడ్డి 2021లో రాజ్యసభకు తెలిపారు. ఈ అంకెలను జాగ్రత్తగా చదవండి. శిక్ష పడినవారు అంతకు ముందు సంవత్సరాలలో అరెస్టయినవారు కావచ్చు, కనుక ఒకదానిని మరొకదానితో భాగించి శాతం కట్టడం సరికాదు. అయినా విచారణ ఎంత నెమ్మదిగా సాగుతుందో వీటినుంచి అర్థమవుతుంది.

అమలాపురం నుంచి ఢిల్లీ విశ్వవిద్యాలయానికి వెళ్లిన ఆంగ్ల అధ్యాపకుడు జి.ఎన్. సాయిబాబా చక్రాల కుర్చీలో తిరిగే వికలాంగుడు. 2014 మేలో ఉపా కింద అరెస్టయ్యారు. మధ్యలో కొంత కాలం బెయిలు దొరికింది. 2017 మార్చిలో గడ్చిరోలి కోర్టు యావజ్జీవ శిక్ష వేసింది. 2022 అక్టోబరు 14న బొంబాయి హైకోర్టు నాగపూర్ ధర్మాసనం ఆయనను విడుదల చేయమంది. మరుసటి రోజు శనివారమైనా సుప్రీంకోర్టు ప్రత్యేకంగా కూర్చుని ఆ తీర్పును నిలిపివేసింది. 2024 మార్చి 5న హైకోర్టు రెండోసారి నిర్దోషి అని తీర్పు చెప్పింది. ఈలోగా సహనిందితులలో ఒకరు జైలులోనే మరణించారు. సాయిబాబా ఆ అక్టోబరు 12న హైదరాబాదులో కన్నుమూశారు. విడుదలయ్యాక ఆయన బతికింది ఏడు నెలలు.

ప్రభుత్వాల వాదనలో బలం లేదని నేను అనను. పంజాబ్‌లో సాక్షులను చంపారు. భయపడిన సాక్షి కోర్టుకు రాడు, సాక్షి లేకపోతే కేసు నిలవదు. అయితే దానికి నేరుగా మందు సాక్షుల రక్షణ. దేశవ్యాప్త సాక్షుల రక్షణ పథకానికి సుప్రీంకోర్టు ఆమోదముద్ర వేసి అమలు చేయమన్నది 2018 డిసెంబరులో, టాడా వచ్చిన ముప్పై మూడేళ్లకు. నిందితుడి హక్కులను తగ్గించడానికి రెండు వారాలు చాలింది.

2019లో జరిగిన సవరణతో సంస్థలనే కాక వ్యక్తులను కూడా, కోర్టు విచారణ లేకుండానే, ప్రభుత్వం ఉగ్రవాదులుగా ప్రకటించవచ్చు. 2024 జూలై 1 నుంచి భారత శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చింది. అందులోని 113వ సెక్షన్ ఉగ్రవాద చర్యను మొదటిసారిగా సాధారణ శిక్షాచట్టంలో చేర్చింది. ఉపా బెయిలు షరతు ఈ సెక్షన్‌కు వర్తించదు. ఒకే చర్య మీద ఈ సెక్షన్ కింద కేసు పెట్టాలా, ఉపా కింద పెట్టాలా అన్నది ఎస్పీ హోదాకు తగ్గని అధికారి నిర్ణయిస్తారని ఆ సెక్షన్‌కే వివరణ జోడించారు. టాడా కాలంలో నేరాంగీకారాన్ని నమోదు చేసింది కూడా ఆ హోదా అధికారే.