మన్యంలో పులి, తుపాకి, చట్టం

చేతిలో తుపాకి ఉంటే పులికి భయపడనక్కర లేదని చాలామంది తలుస్తారు. అయితే ఏ తుపాకి? అందులో ఏ మందు, ఏ గుండు? అరకు, అనంతగిరి, చింతపల్లి కొండలలో నివసించిన గిరిజనులకు ఈ ప్రశ్నలు ప్రాణంతో ముడిపడినవి.

విల్లు, బల్లెం, గొడ్డలి కాక వారికి దొరికినది నాటు తుపాకి. దీనికి మందును గొట్టం మూతి నుండి పోసి, గుండును కడ్డీతో కూరవలెను. మందులో నూటికి సుమారు 75 పాళ్లు సురేకారం, 15 బొగ్గు, 10 గంధకం. తడి తగిలితే ఇది సరిగా అంటుకోదు. పేలితే దట్టమైన పొగ కమ్మి మృగం కనబడదు. తిరిగి నింపడానికి అర నిమిషమైనా పడుతుంది. గాయపడిన పులికి యాభై గజాలు దాటడానికి కొద్ది సెకన్లు చాలును. అనగా వేటగానికి దక్కేది ఒక్క దెబ్బ మాత్రమే.

ఆ దెబ్బలోని శక్తిని లెక్కకట్టి చూద్దాము. 30 గ్రాముల గుండు సెకనుకు 300 మీటర్ల వేగంతో వెళితే దాని శక్తి 1,350 జౌళ్లు. దొరల .470 రైఫిలు గుండు బరువు 32 గ్రాములే. కాని వేగం సుమారు 655 మీటర్లు, శక్తి 6,900 జౌళ్లు. బరువు దాదాపు సమానమే అయినా శక్తి అయిదు రెట్లు! శక్తి వేగం యొక్క వర్గాన్ని బట్టి పెరగడమే దీనికి కారణం. 1884లో ఫ్రాన్సులో వియే కనుగొన్న పొగలేని మందు, 1889లో బ్రిటనులో తయారైన కార్డైటు ఈ వేగాన్ని సాధ్యం చేసినవి. ఎండకు కార్డైటు వేడెక్కితే గొట్టంలో ఒత్తిడి పెరుగుతుంది. అందుచేత ఉష్ణదేశాల తూటాలలో మందు కొంత తగ్గించేవారు. గుండులోనూ భేదం ఉన్నది: పులికి తగలగానే విచ్చుకొనే మెత్తని సీసపు మొన, అడవిదున్నకు లోతుగా దిగే గట్టి తొడుగు వాడేవారు.

అయితే ఆయుధాన్ని ఎంపిక చేసినది విజ్ఞానం ఒక్కటే కాదు. 1878 ఆయుధాల చట్టం భారతీయులకు లైసెన్సు తప్పనిసరి చేసినది. ఐరోపావారికి చాలాకాలం మినహాయింపు ఉండెను. మరుసటి సంవత్సరమే రంప తిరుగుబాటు చెలరేగినది. సైన్యపు పాత మార్టినీ-హెన్రీ తుపాకులకు పనికివచ్చే గుండ్లు తిరుగుబాటుదారులకు చిక్కుతాయన్న భయంతో 1907లో ప్రభుత్వం .450 రైఫిళ్ల దిగుమతిని నిషేధించినది. వాటికి బదులుగానే .470 వంటి కొలతలు వ్యాప్తిలోకి వచ్చినవి. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై దాడిచేసినది కూడా తుపాకుల కొరకే. పాలకుల దృష్టిలో మన్యంలోని తుపాకి పులికంటె ప్రమాదకరమైనది.

నేడు లైసెన్సులకు 1959 ఆయుధాల చట్టం, మృగాలకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వర్తిస్తాయి. పులిగాని ఎలుగుగాని మనుష్యుల ప్రాణాలకు ముప్పు అయినప్పుడు, దానిని పట్టుకొనడానికి, మత్తుసూదితో లొంగదీయడానికి వీలులేదని తేలితేనే ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి చంపడానికి వ్రాతపూర్వకంగా అనుమతిస్తారు. ఆత్మరక్షణకై సద్బుద్ధితో చంపితే అది నేరం కాదు. కాని పోడు గట్టున ఎలుగు ఎదురుపడినప్పుడు గిరిజనుని చేతిలో ఉండేది నేటికీ తరచుగా గొడ్డలే. ఆ ఎదురుపాటు జరగకుండా చూసుకొనడం, అంటే గుంపుగా నడవడం, అలికిడి చేయడం, ఏ తూటాకంటెను నమ్మదగిన రక్షణ.