అరుగుదల గుట్టు విప్పిన గాయం

తిన్న అన్నం కడుపులో ఏమవుతుంది? జఠరాగ్ని దాన్ని వండుతుందని మన ఆయుర్వేదం చెప్పింది. ఒంటి వేడికి ఉడుకుతుందని గ్రీకు వైద్యులూ అన్నారు. 17వ శతాబ్దపు ఐరోపాలో పొట్టను కొందరు తిరగలి అన్నారు, కొందరు పులియబెట్టే కుండ అన్నారు.

ఈ తగవులోకి 1752లో ఫ్రాన్సు శాస్త్రవేత్త రియోమ్యూర్ ఒక గద్దను తెచ్చాడు. రెండు కొసలా జాలీ బిగించిన లోహపు గొట్టంలో మాంసం పెట్టి మింగించాడు. అరగనిదాన్ని గద్ద కక్కేస్తుంది కదా! బయటపడ్డ గొట్టం చెక్కుచెదరలేదు, లోపలి మాంసం మాత్రం కరిగింది. నూరింది ఎవరూ లేరు, కరిగించింది ఏదో రసం. ఇటలీలో స్పల్లంజాని ఆహారాన్ని గుడ్డసంచుల్లో పెట్టి తానే మింగి చూశాడు. ఆ రసంలోది హైడ్రోక్లోరిక్ ఆమ్లమని 1824లో ఇంగ్లండుకు చెందిన ప్రౌట్ ప్రకటించాడు.

అసలు కథ అమెరికాలోని మాకినా ద్వీపంలో మొదలైంది. 1822 జూన్ 6న తుపాకీ పేలి, బొచ్చుతోళ్ల వ్యాపారంలో పనిచేసే కెనడా కూలీ అలెక్సిస్ సెయింట్ మార్టిన్ ఎడమ పక్క చీలిపోయింది. సైనిక వైద్యుడు విలియం బోమాంట్ అతణ్ణి బతికించాడు గానీ, పొట్టలోకి తెరుచుకున్న రంధ్రం పూడలేదు. 1825 ఆగస్టు 1 మధ్యాహ్నం పన్నెండుకు బోమాంట్ పట్టుదారానికి మాంసం ముక్కలు, రొట్టె, పచ్చి క్యాబేజీ కట్టి ఆ రంధ్రంలోంచి దించాడు. ఒంటిగంటకు లాగితే క్యాబేజీ, రొట్టె సగం అరిగాయి, మాంసం అలాగే ఉంది. రెండింటికి క్యాబేజీ, రొట్టె, ఉడికించిన గొడ్డుమాంసం, పందిమాంసం దారం మీద లేనే లేవు. రసాన్ని సీసాలోకి తీసి వెచ్చగా ఉంచితే అక్కడా మాంసం కరిగింది. 1833లో ఇదంతా పుస్తకమైంది. మూడేళ్లకే జర్మనీలో ష్వాన్ ఆ రసంలో మాంసాన్ని అరిగించే పెప్సిన్‌ను గుర్తించాడు. ఫ్రాన్సులో క్లాడ్ బెర్నార్డ్ క్లోమరసం కొవ్వును అరిగిస్తుందని చూపాడు. 1902లో ఇంగ్లండులో బేలిస్, స్టార్లింగ్ ఆ క్లోమరసాన్ని ఊరించే సెక్రెటిన్ హార్మోను కనుగొన్నారు.

బోమాంట్ పేరు పాఠ్యపుస్తకాల్లో నిలిచింది. నా దృష్టిలో ఆ ఘనతలో సగం సెయింట్ మార్టిన్‌ది. ఏడాదికి 150 డాలర్లకు ఒప్పందం రాయించుకుని అతని కడుపును తెరిచిన పుస్తకంలా చదివారు. విసిగి పలుమార్లు సొంతూరికి వెళ్లిపోయాడు. 1880లో అతను కన్నుమూస్తే శరీరం కోసం వైద్యులు ఎదురుచూశారు. కుటుంబం ఇవ్వలేదు. కుళ్లేదాకా ఇంట్లోనే ఉంచి, ఎవరూ తవ్వి తీయకుండా ఎనిమిది అడుగుల లోతున పాతిపెట్టింది.