వేటగాండ్రు కాచిన కొండ

వసంతారంభమున మున్నారు చేరి, తేయాకుతోటల నడుమ సాగు బాటవెంట రాజమల నెక్కి, వరయాడు అని తమిళులును మలయాళులును పిలుచు నీలగిరి కొండమేకలను కన్నులార చూడగోరు యాత్రికులకు ఆ కోరిక సాధారణముగా ఫిబ్రవరి, మార్చి నెలలలో తీరదు. రాజమల చేరియున్న ఎరవికుళం జాతీయోద్యానమును ఆ దినములలో మూసియుంచుట ఆనవాయితీ. వానకాలమున జతగూడిన వరయాడులు ఇంచుమించు ఆరు మాసములు చూలు మోసి, చలికాలపు చివర ఈనును. తల్లి వెంట నిట్రచరియలపై నడువ నేర్చువరకు ఆ కూనల చెంత మనుష్యసంచారము తగదు. కొండవాలులపై ఎఱ్ఱని రోడోడెండ్రాన్ పూలు విరియబూసిన సుందరకాలమున మనుజుడు మృగమునకు తావిడిచి తొలగియుండు ఈ కట్టుబాటు నాకు పరమధర్మ్యముగా తోచును. అయితే ఈ కొండను కాచు పద్ధతి మొదట దయనుండి గాక వేటనుండి పుట్టినది.

1862లో డగ్లస్ హామిల్టన్ అను సైనికాధికారి ఇచ్చటి 2,695 మీటర్ల ఆనముడి శిఖరము నెక్కెను. 1877లో జాన్ డేనియల్ మన్రో పూంజార్ రాజునుండి ఈ కొండల విశాలభాగమును కౌలునకు గైకొనిన పిదప సింకోనా, కాఫీ, తుదకు తేయాకు, ఒకదాని వెనుక నొకటి అడవిని మ్రింగుచు పైకి ప్రాకినవి. అట్టి కాలమున, రెండువేల మీటర్ల ఎత్తున చలిగాలులు వీచు ఎరవికుళం పచ్చికబయలును, దాని లోయలలో గుంపులు కట్టిన షోలా అడవులను తోటల దొరలు గొడ్డలికి అప్పగింపక తమ వేటకై విడిచిపెట్టిరి. వాగులలో ట్రౌటు చేపలను సయితము తెచ్చి పెంచిరి.

ఇచ్చట వారి నిగ్రహమును గుర్తింపకుండుట అన్యాయమగును. నీలగిరులలో తుపాకులు విచ్చలవిడిగా మ్రోగి, మృగసంపద తఱిగిపోగా, మద్రాసు ప్రభుత్వము 1879లో వేటను, చేపలు పట్టుటను అదుపుచేయు శాసనము చేయవలసివచ్చెను. ఎరవికుళమున దొరలే సంఘముగా ఏర్పడి, అనుమతి లేని వేటను నిషేధించి, కాపలాదారులను నియమించిరి. ఆ కాపలాదారులు మదురనుండి వలసవచ్చితిమని చెప్పుకొను ముదువర్లు. ఏ చరియ నే మంద మేయునో, మంచు కమ్మినవేళ ఏ బాట నమ్మదగినదో, ఎండిన గడ్డి నెప్పుడు కొద్దికొద్దిగా కాల్చినచో లేతపచ్చిక మొలకెత్తునో వారెఱిగినంతగా మఱియెవ్వరును ఎఱుగరు. దొరల స్మృతులలో వేటకథలు మిక్కుటముగా నున్నవి. ఈ గిరిజనుల జ్ఞానమునకు దక్కిన తావు మాత్రము మిక్కిలి స్వల్పము. కొండను కాచిన కీర్తిలో పెద్దపాలు వారిదేయని నా దృఢవిశ్వాసము.

1971లో ఈ ప్రాంతపు కణ్ణన్ దేవన్ కొండల భూములను కేరళ ప్రభుత్వము స్వాధీనపఱచుకొను చట్టము వచ్చినప్పుడు ఈ పచ్చికబయలు సయితము ముక్కలై సాగులోనికి పోగల ప్రమాదమేర్పడెను. అదృష్టవశమున 1975లో దీనిని అభయారణ్యముగను, 1978లో జాతీయోద్యానముగను ప్రకటించిరి. వైశాల్యము 97 చదరపు కిలోమీటర్లు మాత్రమే; కాని లోకమున మఱెచ్చటను లేక పడమటి కనుమలకే పరిమితమైన ఈ జంతువుల అతిపెద్ద మందలకు ఇదియే నిలయము.

తుపాకి చప్పుడు మఱచిన తరములలో పుట్టుటచేతనేమో, రాజమల వరయాడులు నేడు మనుష్యుని చూచి బెదరవు. వీపుపై జీను పఱచినట్టు తెల్లని మచ్చ తేలిన ముసలి పోతులు బాటప్రక్కనే తాపీగా మేయుచుండును. ఒకప్పటి వేటగాండ్రు ప్రత్యేకించి కోరినది ఆ మచ్చ గలవానినే. ఈనికల ఋతువు ముగిసిన పిదప, ఏప్రిలు ప్రాంతమున, అటవీశాఖవారు మందలను లెక్కింతురు. చరియచరియ తిరిగి ఆ యేటి కూనలను వేరుగా లెక్కించు ఆ దండులకు దారిచూపువారిలో నేటికిని ముదువర్లున్నారు.