పొలిమేర దాటిన బాకీ

తెలుగునేలపై గల ఇబ్రహీంపట్నములలో ఇచ్చట రెండింటి మాట: హైదరాబాదునకు దాపున పెద్దచెరువు గట్టున నున్న నేటి రంగారెడ్డి జిల్లా యూరొకటి, కృష్ణాతీరమున బెజవాడ ప్రక్కది మరియొకటి. మొదటిది 1948 సెప్టెంబరు దాక నిజాము ఏలుబడి. రెండవది ఆంగ్లేయుల మదరాసు రాజధానిలోనిది. ఆ దినములలో మొదటి యూరి పనివాడొకడు రెండవ యూరి వర్తకునకు సరకు చేసి పంపి, సొమ్ము రాక, తన రాజ్యపు న్యాయస్థానమున దావా గెలిచెననుకొందము. ఆ డిక్రీ కృష్ణ యొడ్డున పరదేశపు తీర్పే యగుటచే, ప్రభుత్వము ప్రత్యేకముగా అనుమతించిన తప్ప, దానిని ఆధారము చేసికొని అచ్చట మరల దావాకు దిగవలసినదే.

దిగినను ఫరీద్‌కోట వ్యాజ్యము అడ్డు నిలుచును. ఫరీద్‌కోట రాజు, తన కోశాధికారిగా నుండి కొలువు విడిచిపోయిన సర్దార్ గురుదయాళ్ సింగుపై స్వరాజ్యపు కచేరిలో ఏకపక్ష డిక్రీలు పొంది, వానిని బట్టి లాహోరున దావా వేయగా, ప్రతివాది ఆ రాజ్యమున నివసింపక, ఆ న్యాయాధికారమునకు లోబడక యుండగా వెలువడిన ధనసంబంధమైన డిక్రీ వెలుపల శూన్యమని 1894లో ప్రీవీ కౌన్సిలు తేల్చెను. రాజంతటివానికే అట్టి గతి పట్టగా మన పనివాని మాట చెప్పనేల! అయినను ఆ సూత్రము అన్యాయమని అనజాలను. పరోక్షమున తీర్పు పడిన గురుదయాళ్ సింగు పక్షమున నిలిచి చూచిననే దాని విలువ తెలియును.

1951 ఏప్రిలు 1న సివిల్ ప్రొసీజర్ కోడు హైదరాబాదు రాష్ట్రమునకు విస్తరించుటతో పరదేశమను అడ్డు తొలగెను. ఆ కోడు 20వ సెక్షను ప్రకారము ప్రతివాది యుండు చోటనే కాక, వ్యాజ్యకారణములో కొంత భాగమైనను పుట్టిన చోట దావా వేయవచ్చును. ఎచ్చట పుట్టినదనుటయే చిక్కు: అహమ్మదాబాదు వర్తకులు టెలిఫోనులో బేరమాడగా ఖామ్‌గాఁవ్ వర్తకులు ఒప్పుకొనిన వ్యాజ్యములో, అంగీకారము వినబడిన అహమ్మదాబాదుననే ఒప్పందము పుట్టినదని 1965లో సర్వోన్నత న్యాయస్థానము పలికెను, న్యాయమూర్తి హిదాయతుల్లా మాత్రము సమ్మతింపలేదు.

రాజులు పోయిరి గాని, వారు గీచిన గీతలవంటివే వర్తకులు బిల్లుల అడుగున సన్నని అక్షరములలో గీయసాగిరి. గుజరాతు సంస్థకు సేలము వర్తకులతో గల ఒప్పందములో తగవులు అచ్చటి కైరా న్యాయాధికారమునకు లోబడునని యుండినను, 'మాత్రమే' యను మాట లేనందున సేలము దావా చెల్లునని 1989లో సర్వోన్నత న్యాయస్థానపు తీర్పు వచ్చెను. 2013లో స్వస్తిక్ గ్యాసెస్ వ్యాజ్యమున, ఆ మాట లేకున్నను ఉద్దేశము చాలునని అదే న్యాయస్థానము చెప్పెను. పనివానికి మొదటి తీర్పే మేలు, వర్తకునకు రెండవది.

నేడు విమానభాగముల కర్మాగారములు వెలసిన ఆదిభట్ల మొదటి ఇబ్రహీంపట్నము మండలములోనిదే. ఇచ్చట ఇంటనుండి బెంగుళూరు సంస్థకు సాఫ్ట్‌వేరు వ్రాసియిచ్చు యువకుడు, చదువకయే ఒప్పుకొనిన షరతులలో బెంగుళూరు న్యాయస్థానమే శరణ్యమని యున్నచో, తన యూరి జూనియర్ సివిల్ జడ్జి కచేరిని దాటి పోవలెను. చిన్న బాకీ యైనచో దారి ఖర్చులే దానిని మ్రింగివేయును. ఈ చిక్కునకు మందు 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల చట్టమున 18వ సెక్షనులో నున్నది: ప్రభుత్వపు ఉద్యమ్ నమోదు గల సూక్ష్మ లేక చిన్న సరఫరాదారు, ఇట్టి బాకీ తగవులు విచారించు తన ప్రాంతపు ఫెసిలిటేషన్ మండలి నాశ్రయింపవచ్చును, కొనువాడు భారతదేశమున ఎచ్చటనున్నను సరే. గడువు దాటిన సొమ్ముపై బ్యాంకు రేటునకు మూడు రెట్ల వడ్డీ నెలనెలకు చక్రవృద్ధిగా పెరుగును. ఒప్పందములోని మధ్యవర్తిత్వపు షరతు ఈ మార్గమునకు అడ్డురాదని 2022లో తీర్పు కూడ వచ్చెను. కొనువాడు అమెరికాలో నున్నచో మాత్రము ఈ సెక్షను పనికిరాదు.