ఈకల మీది శాసనాలు

చరిత్రకు ఆధారాలంటే మనకు శిలాశాసనాలు, రాగిరేకులు, తాళపత్రాలే స్ఫురిస్తాయి. ఆ పంక్తిలో పక్షి ఈకకు కూడా ఒక పీట వేయాలని నా వాదం. అందునా సముద్రపు పక్షి ఈకకు.

నీటిలోని సూక్ష్మజీవులు పాదరసాన్ని మిథైల్ మెర్క్యురీగా మారుస్తాయి. అది చిన్న చేప నుండి పెద్ద చేపకు, అక్కడి నుండి పక్షికి చేరేకొద్దీ చిక్కబడుతుంది. పక్షి ఆ విషాన్ని వదిలించుకునే ముఖ్యమైన దారి కొత్త ఈక. ఈక పెరుగుతున్నప్పుడు రక్తంలోని పాదరసం దానిలోని కెరటిన్‌కు అంటుకుపోతుంది. పూర్తిగా ఎదిగాక రక్తప్రసారం ఆగిపోతుంది, ఆ ఏటి పద్దు మూసినట్టే. నూరేళ్ళయినా చెరగదు.

పంతొమ్మిదో శతాబ్దపు పాశ్చాత్య పక్షిప్రేమికులు తాము ప్రేమించిన పక్షినల్లా కాల్చి, చర్మం ఒలిచి, దూది కూరి, తేదీ వ్రాసిన చీటీ కట్టి దాచారు. ఆ ప్రేమ తీరు నాకు రుచించదు గానీ, ఆ చీటీలే లేకుంటే ఈ చరిత్ర లేదు. 1966లో స్వీడన్ శాస్త్రజ్ఞులు అటువంటి పాత ఈకలనే పరీక్షించి, విత్తనాలకు పట్టించే పాదరసపు మందు నేలమీది పక్షుల్లోకి ఎలా చేరిందో చూపించారు. తరువాతివారు ఆ పద్ధతినే సముద్రానికి తీసుకుపోయారు.

అయితే ప్రాచీన కావ్యాలను పరిష్కరించేవారికి బాగా తెలిసిన చిక్కొకటి ఇక్కడా ఉంది: ప్రక్షిప్తం! పురుగు పట్టకుండా మ్యూజియముల వారు ఆ చర్మాలకు ఆర్సెనిక్‌తో పాటు పాదరసపు లవణాలనూ పూసేవారు. మరి ఈకలో దొరికినది పక్షి తిన్నదా, మనిషి పూసినదా? పూత నిరింద్రియ పాదరసం. పక్షి తిన్నది మిథైల్ మెర్క్యురీ. రెండవదానిని మాత్రమే లెక్కగడితే మూలపాఠం దక్కుతుంది.

అలా చదివిన పాఠాలలో నన్ను కలవరపెట్టినది 2015లో వెలువడినది. కెనడా ఉత్తరధ్రువ ప్రాంతపు ఐవరీ గల్ మంచు మీదనే బ్రతికే తెల్లని పక్షి. 1877 నుండి 2007 వరకు దాచిన దాని ఈకలలో మిథైల్ మెర్క్యురీ 45 రెట్లు పెరిగింది. పక్షి తిండి మారిందేమోనని కార్బన్, నైట్రోజన్ ఐసోటోపులను కూడా చూశారు. తిండి మారలేదు. 1980ల తరువాత కెనడాలో ఈ పక్షుల సంఖ్య సుమారు 80 శాతం పడిపోయింది. పాదరసమొక్కటే కారణమని ఎవరూ తేల్చలేదు. మంచు తరగడం, వేట కూడా అనుమానితులే.

దీనికి భిన్నమైనది జపానులోని మినమాట కథ. అక్కడ ఒకే కర్మాగారం, ఒకే అఖాతం. 1932 నుండి 1968 వరకు పాదరసం నీటిలో కలిసింది. 1956లో మనుషుల జబ్బును అధికారికంగా గుర్తించడానికి ముందే అక్కడ పిల్లులు గిలగిలలాడి చచ్చాయి, పక్షులు ఆకాశం నుండి రాలిపడ్డాయి. 2013 నాటి అంతర్జాతీయ పాదరస ఒడంబడికకు ఆ ఊరి పేరే పెట్టారు. భారతదేశం 2018లో దానిని ధ్రువీకరించింది.

ధ్రువప్రాంతంలో అటువంటి కర్మాగారం లేదు. పాదరసపు ఆవిరి నెలల తరబడి గాలిలో తిరుగుతూ భూగోళమంతా చుట్టివస్తుంది. అది లేచేది చిన్నతరహా బంగారు గనుల నుండి, బొగ్గు పొగ నుండి. రామగుండంలోనూ, ఇబ్రహీంపట్నంలోనూ మనం కాల్చేది బొగ్గే.