ఒకే వాన, రెండు విస్తళ్ళు: ఆముక్తమాల్యదలో ఋతుభోజనం, వంటింటి శ్రమ

శ్రీకృష్ణదేవరాయల (పాలనాకాలం 1509–1529) ఆముక్తమాల్యద ప్రథమాశ్వాసంలో విష్ణుచిత్తుని అతిథిసేవను చెప్పే చోట మూడు పద్యాలున్నాయి. వానకాలానికి ఒకటి, చలికాలానికి ఒకటి, వేసవికి ఒకటి. తెలుగువారి ఆహారచరిత్రను గురించి రాసిన వారిలో ఈ మూడింటినీ ముట్టుకోనివారు అరుదు. ఋతువుకు తగిన ఇంటివంట, అతిథిమర్యాద, సంప్రదాయం అన్న మాటలు వచ్చిన ప్రతి చోటా ఇవి సాక్ష్యంగా నిలుస్తాయి. అయితే అదే కావ్యంలో, అదే వానకాలానికి సంబంధించి, నాలుగో ఆశ్వాసంలో మరొక భోజనం కూడా ఉంది. ఆ భోజనాన్ని మొదటి దాని పక్కన పెట్టి చదివినప్పుడు ‘ఋతుభోజనం’ అనే భావనే కొంత సవరణకు లోనవుతుంది.

విష్ణుచిత్తుని ఇంటి విస్తరి

ముందుగా మూడు పద్యాల సారాన్ని చూడాలి. ఎడతెగని జడివాన రోజుల్లో ఆ ఇంట కలమధాన్యపు అన్నం, పొట్టు తీసిన పప్పు, తాలింపు పెట్టిన కూరలు నాలుగైదు, వడియాలు, వరుగులు, పెరుగు, సమృద్ధిగా నెయ్యి వడ్డిస్తారు. చలికాలంలో పునుగు వాసన గల కొత్తబియ్యపు అన్నం, మిరియపు పొడి చల్లి చట్టిలో చుయ్యిమంటున్న వేడి ఆరని కూరలు, ముక్కుదిబ్బడను వదలగొట్టే ఆవఘాటు పచ్చళ్ళు, పాయసాలు, ఊరగాయలు, చేతికి చురుక్కుమనే నెయ్యి, పాలు ఉంటాయి. వేసవి వచ్చేసరికి అన్నం నులివెచ్చగా మారుతుంది. తియ్యని చారులు, తిమ్మనాలు, పలుచని అంబలి, చెరకురసం, లేత కొబ్బరినీరు, రసావళులు, పండ్లు, పరిమళభరితమైన చల్లని నీరు, వడపిందెలు, నీరుచల్ల వస్తాయి. భోజనానికి ముందే అతిథి ఒంటికి చందనం పూస్తారు.

ఘాటుకు మిరియం, ఆవ మాత్రమే ఉన్నాయి. మిరప అమెరికా ఖండపు పంట. పోర్చుగీసుల ఓడల వెంట 16వ శతాబ్దంలో భారతదేశపు పడమటి తీరానికి చేరిన ఆ కాయకు తెలుగులో మిరియాన్ని తలపించే పేరే స్థిరపడింది. ఈనాడు తెలుగు వంటకు పర్యాయపదంగా చెప్పుకునే ఎర్రని కారం ఈ పద్యాల్లో లేదు. అనాదిగా వస్తున్న రుచి అని చెప్పే ముందు ఇంతమాత్రపు జాగ్రత్త అవసరం.

ఈ భోజనాలకు వెనుక శాస్త్రం ఉన్నదా అంటే, ఉన్నది. చరకసంహిత సూత్రస్థానం ఆరో అధ్యాయం ఋతుచర్యను చెబుతుంది. చలికాలంలో జఠరాగ్ని బలంగా ఉంటుందని, అందువల్ల గురువైన, స్నిగ్ధమైన ఆహారం, పాలు, చెరకు సంబంధ పదార్థాలు, కొత్తబియ్యపు అన్నం తగినవని అక్కడి నిర్దేశం. గ్రీష్మంలో మధురం, శీతలం, ద్రవప్రాయం అయినవి తినాలని, ఉప్పు, పులుపు, కారం తగ్గించాలని చెబుతుంది. రాయల చలికాలపు పద్యంలో కొత్తబియ్యానికి వాడిన సంస్కృతపదం చరకుని హేమంతచర్యలోని పదమే. అదే గ్రంథం ఇరవై ఏడో అధ్యాయం శరత్తు, గ్రీష్మం, వసంతం ఋతువుల్లో పెరుగును సాధారణంగా నిందిస్తుంది. ఆముక్తమాల్యదలో పెరుగు వాన పద్యంలో ఉంది, వేసవి పద్యంలో లేదు. అక్కడ దాని స్థానాన్ని నీరుచల్ల తీసుకుంది. ఇన్ని పోలికలను యాదృచ్ఛికమని తోసిపుచ్చడం కష్టం. రాజకవికి వైద్యశాస్త్ర పరిచయం ఉండడంలో వింతా లేదు.

వాన పద్యం దగ్గర మాత్రం ఈ పోలిక పూర్తిగా కుదరదు. వర్షర్తువులో జఠరాగ్ని మందగిస్తుంది కనుక పాత యవలు, పాత గోధుమలు, పాత బియ్యం తినమంటుంది చరకసంహిత. రాయల పద్యం ధాన్యం పాతదో కొత్తదో చెప్పదు. దాని చూపు ఇంకొక చోట ఉంది.

పొగ, పొయ్యి, ఎండ

ఆ చూపు పొయ్యి మీద ఉంది. వానకు కట్టెలు తడిసిపోతాయి. తడి కట్టె మండదు, పొగ చిమ్ముతుంది. వండే ఇల్లాలి కళ్ళలోకి పొగ పోకుండా ఎండు కొబ్బరి డొప్పలతో మంట పెట్టారని పద్యం ప్రత్యేకంగా చెబుతుంది. విస్తరిలోని పదార్థాల జాబితా అంతా ఈ ఒక్క వివరం తరువాతనే మొదలవుతుంది. ఆ పద్యంలో ఆమెకు పేరు లేదు, ‘భార్య’ అన్న మాట ఒక్కటే ఉంది. కానీ ప్రాచీన తెలుగు కావ్యాల్లో వంటకాల పట్టికలు ఎన్ని ఉన్నా, వండేవారి కళ్ళను పట్టించుకున్న పద్యాలు ఎక్కువ లేవు. సింహాసనం మీది కవికి ఇది ఎలా తట్టిందో గాని, చరిత్రకారునికి ఇది పాయసం కన్నా విలువైన సమాచారం.

నాలుగో ఆశ్వాసంలోని వర్షవర్ణన దీనిని మరింత స్పష్టం చేస్తుంది. అగ్గిపెట్టె లేని కాలంలో నిప్పు కోసం ఇల్లిల్లూ తిరగడం, దొరికిన కొద్దిపాటి నిప్పు ఇంటికి తెచ్చినా రాజకపోవడం, ఇల్లంతా పొగ కమ్ముకోవడం అక్కడ కనిపిస్తాయి. వానకాలంలో కూడు వండడమే ఒక గండమైన కాలంలో నాలుగైదు కూరలతో అతిథులకు వడ్డించడం వెనుక ఎంత ముందుచూపు ఉండాలో దీన్నిబట్టి ఊహించవచ్చు.

వడియాలు, వరుగులు ఆ ముందుచూపుకు గుర్తులు. బూడిదగుమ్మడి తరిగి, మినుములు నానబెట్టి రుబ్బి, మంచి ఎండ చూసి వడియాలు పెడతారు. వంకాయ, గోరుచిక్కుడు వంటి వాటిని కోసి ఎండబెడితే వరుగులు అవుతాయి. ఈ రెండూ ఎండ ఉన్న రోజుల పని. అంటే విష్ణుచిత్తుని వానకాలపు విస్తరిలో సగం వేసవిలోనే తయారైంది. ఎండు డొప్పలు కూడా అంతే. వాన రాకముందే ఎవరో వాటిని ఏరి, పొడిగా ఉండే చోట చేర్చి ఉంచాలి. మూడు పద్యాలు మూడు ఋతువులను విడివిడిగా చూపుతున్నా, వంటింటి పంచాంగంలో అవి ఒకదానిలోకి ఒకటి చొచ్చుకొని ఉంటాయి. ఏ ఋతువులో ఏమి తినాలో శాస్త్రం చెప్పింది. దాని కోసం ఏ ఋతువులో ఏమి చేసి పెట్టుకోవాలో చెప్పినది శాస్త్రగ్రంథం కాదు, అత్త చేతి నుండి కోడలి చేతికి, తల్లి చేతి నుండి కూతురి చేతికి వచ్చిన అలవాటు. అది రాతలోకి రాలేదు. వచ్చినా ఇలా ఒక కొబ్బరి డొప్ప రూపంలో, పద్యపు అంచున వచ్చింది.

ఆ ఇంట్లో అర్ధరాత్రి సైతం అతిథులు భుజిస్తుండేవారని, కూరలు ఎక్కువ లేవు, వేడి లేదు, పిండివంటలు లేవు, అన్నం అంత బాగా లేదు, దయతో భుజించండి అని గృహస్థు సంస్కృతంలో వేడుకొనే మాటలు వినిపించేవని అదే ఆశ్వాసంలోని మరో పద్యం చెబుతుంది. నానాదేశాల వైష్ణవులు వచ్చే ఇల్లు కనుక సంస్కృతం సహజమే. ఆ వినయం కూడా వండినవారి తరఫున వడ్డించేవాడు పలికిన వినయం.

రెడ్ల వాన

నాలుగో ఆశ్వాసపు వర్షవర్ణనలోనే రెడ్ల భోజనపు పద్యం ఉంది. గురుగు, చెంచలి, తుమ్మి, లేత తగిరిసాకు, వీటికి తోడు చింతచిగురు కలిపి నూనెలో పొరటుతారు. ఆవిరి కక్కే ఆరికల అన్నంతో దాన్ని ఇష్టంగా తింటారు. పశువులు పొలానికి వెళ్ళిపోయాక, లేగదూడలు ఒళ్ళు నాకుతుండగా, మేకపెంటికల కుంపటి వెచ్చదనంలో మంచమెక్కుతారు. బయట జడివాన కురుస్తూనే ఉంటుంది.

వాన ఒకటే. కాని కలమాన్నం స్థానంలో ఆరికలు ఉన్నాయి, నాలుగైదు కూరల స్థానంలో వాన పడగానే విత్తకుండా మొలిచే ఆకుకూరలు ఉన్నాయి, కొబ్బరి డొప్పల స్థానంలో మేకపెంటికలు ఉన్నాయి. ఇంధనపు తేడా చిన్నది కాదు. కొబ్బరి నీటివసతి ఉన్న తోటభూమిని సూచిస్తుంది. పెంటికలు మెట్టపొలాన్ని, మందను సూచిస్తాయి. వరి పండే నేల, మందలు మేసే నేల రెండు పొయ్యిల్లో రెండు రకాలుగా మండుతున్నాయి.

దీన్ని సంపన్నుని భోజనం, పేదవాని భోజనం అన్న విభజనగా చదవడం పొరపాటు. పద్యంలోని రెడ్లు ఊరిమీద పెత్తనం గలవారు. పశుసంపద గలవారు. ఆరికలు వారికి లేమి వల్ల వచ్చిన తిండి కాదు, వారి నేల పండించిన తిండి. రాయల కాలంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ కూడా ఆ రాజ్యంలో వరితో పాటు చిరుధాన్యాలు, పప్పుధాన్యాలు విరివిగా పండడాన్ని గుర్తించాడు.

ఇక్కడ మరొక చిక్కు ఉంది. విష్ణుచిత్తుడు శ్రీవిల్లిపుత్తూరు వాడు, పాండ్యదేశపు ఆళ్వారు. ఆయన ఇంటి విస్తరిని ‘తెలుగువారి భోజనం’గా ఉదాహరించేటప్పుడు కథాస్థలం తమిళదేశమన్న సంగతి మరుగున పడుతుంది. కవి తాను ఎరిగిన వంటలనే అక్కడ వడ్డించి ఉండవచ్చు, ఊరగాయ, వడియం, వరుగు అన్న తెలుగు మాటలు ఆ వైపే మొగ్గు చూపుతాయి. అయినా రెడ్ల పద్యానికి ఆ మినహాయింపు అక్కరలేదు. రెండింటిలో తెలుగు నేలకు నిస్సందేహంగా చెందినది రెండవదే. ఉదాహరణలకెక్కినది మాత్రం ఎక్కువగా మొదటిది.

కావ్యాల నుండి సామాన్యుని జీవితాన్ని వెలికితీయవచ్చునని సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ (1949) నిరూపించింది. 1955లో తెలుగుకు తొలి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం తెచ్చిన గ్రంథమది. ఆయన ఆముక్తమాల్యదను విరివిగా వాడుకున్నారు. ఆ దారిలో తరువాత జరిగిన పరిశీలన చాలావరకు వంటకాల పేర్లను ఏరి పట్టికలు కట్టడం దగ్గర ఆగింది. పేర్ల పట్టికకు వంటచెరకు దొరకదు, దంపుడు దొరకదు.

ఆరికల విషయంలో దంపుడు చాలా ముఖ్యం. ఆ గింజ మీద పొట్టు పొరలు పొరలుగా అంటిపెట్టుకొని ఉంటుంది. ఏళ్ళ తరబడి చెడకుండా నిలవ ఉండడానికి, బియ్యంగా మార్చడంలో ప్రాణం విసిగించడానికి కారణం ఆ పొట్టే. రోలు, రోకలి, తిరగలి ముందు గంటలు గడిపితే గాని ఆవిరి కక్కే ఆ అన్నం విస్తరిలోకి రాదు. రెడ్ల పద్యంలో తినేవారు, దూడలు, మంచం, కుంపటి అన్నీ కనిపిస్తాయి. దంచిన చేతులు కనిపించవు. ఈ ఒక్క విషయంలో విష్ణుచిత్తుని పద్యమే మెరుగు.

20వ శతాబ్ది ఉత్తరార్ధంలో కాలువ నీరు, అధిక దిగుబడి వరి వంగడాలు, 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం ప్రవేశపెట్టిన కిలో రెండు రూపాయల బియ్యం పథకం కలిసి మెట్టప్రాంతపు విస్తరిని మార్చివేశాయి. దీన్ని కేవలం నష్టంగా వర్ణించే ధోరణి ఒకటి ఉంది. ఆకలి తగ్గిందన్నది ఒక నిజం, ఆరికలు దంచే పని ఆడవారికి తప్పిందన్నది మరొక నిజం. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించిన తరువాత ఆరికలు నగరాల దుకాణాల్లోకి ఆరోగ్యాహారంగా తిరిగి వచ్చాయి. ఈసారి పొట్టు తీసే పని యంత్రానిది.

ఆకుకూరల్లో గురుగు, చెంచలి వంటివి కలుపుమొక్కల జాబితాలోకి వెళ్ళాయి. తుమ్మి మాత్రం తెలంగాణలోని చాలా ఇళ్ళలో ఒక తిథిని పట్టుకొని నిలిచింది. భాద్రపదంలో, వానలు ఇంకా కురుస్తుండగా, వినాయకచవితి నాడు తుమ్మికూర వండుకోవడం అక్కడి ఆచారం. ఏడాది పొడుగునా ఆ మొక్క వైపు చూడని ఇళ్ళవారు కూడా ఆ ఒక్కరోజు గట్ల వెంట దాన్ని వెతికి, ఆకు గిల్లి తెచ్చుకుంటారు.